ఎత్తని పసుపు జెండా

ఈ మాటను చాలా ఏళ్ళుగా మోస్తున్నాను. సొంతవాళ్ళెవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను, మీరు నా ముఖం ఎరుగరు కనుక.

పైడమ్మా నేనూ ఉక్కు ప్లాంటులో క్రేన్లకు సైగలిచ్చే పనిలో కలిసే ముసలివాళ్ళమయ్యాం. రిటైరయ్యాక, ఊరి కుర్రాళ్ళు సరదాగా పెట్టుకునే కారు పందేల్లో మమ్మల్ని జెండాలు పట్టమన్నారు. దుర్గ్ దగ్గర మేముండే ఖుర్సీపార్ నుంచి ఒకే ఆటోలో, ఇద్దరికీ ఒకే డబ్బాలో పులిహోరతో వెళ్ళేవాళ్ళం. మలుపు దగ్గర నేను, దానికి ముందు పైడమ్మ. మలుపు అవతల ఏం జరిగేదీ ఆమెకు కనబడదు. నేను పసుపు జెండా ఎత్తితే, చూసి ఆమె ఎత్తాలి. ప్లాంటులో నేర్చిన పద్ధతీ అదే: సైగ ఒకరిది, రెండోవారు సొంత బుద్ధి వాడకూడదు. పసుపు జెండా చూస్తే వేగం తగ్గించాలి, ఎవరినీ దాటకూడదు.

ఆ రోజు ఒక కారు నా ఎదుటే గిర్రున తిరిగి అడ్డంగా ఆగిపోయింది. వెనక నుంచి వస్తున్న పందెం కార్లలో నా మేనల్లుడు తన ముందు పోతున్న కారును దాటబోతున్నాడు. వాణ్ణి దాటనీ అనుకున్నాను. ఒక్క ఊపిరి సేపు జెండా కిందే ఉంచాను. వాళ్ళిద్దరూ ఎలాగో తప్పుకుపోయారు. వాళ్ళ వెనకొచ్చిన కారు తప్పుకోలేక ఆగిన కారును గుద్దింది. అందులోని అబ్బాయి మోకాలు నుజ్జయింది. ఇప్పటికీ కుంటుతాడు.

దుమ్ములో నన్నెవరూ చూడలేదు. పందెం పెట్టినవాళ్ళు అడిగితే, నేను ఎత్తాను, పైడమ్మే చూడలేదేమో అన్నాను. ఆమెకు కంటి ఆపరేషన్ అయి అట్టే కాలం కాలేదు. వాదిస్తుందనుకున్నాను. వాదించి ఉంటే ఒప్పుకునేదాన్నా?

"నువ్వు ఎత్తినానంటే ఎత్తినట్టే వొదినా," అంది. "తేదీలు, లెక్కలు నీకెప్పుడు తప్పినాయి గనక? నా కళ్ళకే ఏటో అయిపోనాది."

నా లెక్కలను నమ్మి, తన కళ్ళను నమ్మడం మానేసింది. జెండా మళ్ళీ పట్టలేదు. రోడ్డు దాటడానికి నా చెయ్యి అడిగేది. ఆ చెయ్యి ఎలా ఇచ్చానో నాకే తెలియదు. చివరికి బొబ్బిలిలో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయింది. దుర్గ్ స్టేషన్‌లో రైలు పెట్టె నంబరు నన్నే చదవమంది. అంత పెద్ద అంకె ఆమెకు కనబడుతూనే ఉంది.

ఏకాదశి ఎప్పుడని ఇప్పటికీ ఫోన్ చేసి నన్నే అడుగుతుంది. చెబుతాను. పులిహోర ఒక్కదానికి వండుకోవడం నాకు ఈనాటికీ చేతకాలేదు. ఆమె వస్తే బాగుండునని ఉంటుంది. వస్తే చెప్పాల్సి వస్తుందని భయమూ ఉంటుంది.

చెప్పాల్సిన వాక్యం చిన్నదే. ఇవాళే మొదటిసారి రాస్తున్నాను.

పైడమ్మా, నీ కళ్ళు సరిగ్గానే చూశాయి. నేను జెండా ఎత్తలేదు.