అక్క మంచిదైపోయిన పూట

మొన్న మోకాలికి ఇంజెక్షన్ చేయించుకోవడానికి వెళితే, నర్సు దూదిని స్పిరిట్‌లో ముంచిన మరుక్షణం నేను ఎనభైల నాటి నాచారంలో, మా రెండు గదుల అద్దె పోర్షన్‌లో వెళ్లి పడ్డాను. ఆ ఇంట్లో రోజూ పొద్దున స్పిరిట్ వాసన, ఉప్మా తాలింపు, వెనకాల ఫ్యాక్టరీ పొగ మూడూ కలిసి దుప్పటి లాగి మరీ మమ్మల్ని లేపేవి. స్టవ్ మీద గిన్నెలో గాజు సిరంజి మరుగుతుండేది. నా లెక్కలో అది సైకిల్ పంపు కన్నా అంగుళం పెద్దది. ఫ్రిజ్ లేదు కనుక ఇన్సులిన్ సీసా తడిబట్ట చుట్టిన మట్టికుండలో పెళ్లికూతురిలా కూర్చునేది.

ఈ హంగామా అంతా మా అక్క సరళ కోసం. పదమూడేళ్ల వయసు, షుగర్ జబ్బు, వాడకట్టు మొత్తం మీద సర్వాధికారం. నాకు తొమ్మిదేళ్లు, ఏ అధికారమూ లేదు. చెమటలు, వణుకు, మాట తడబాటు కనిపిస్తే షుగర్ పడిపోతున్నట్టని, తెలివి ఉంటే వెంటనే చక్కెర పెట్టాలని, తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా దవాఖానకు ఉరకాలని డాక్టరు చెప్పాడు. ఆ జాబితాకు అమ్మ తన అనుభవం కొద్దీ ఇంకొకటి కలిపింది: "అది నీతోని మంచిగ మాట్లాడిందనుకో, ఉరికొచ్చి నాకు చెప్పు."

పతంగుల రోజులవి. చలి ఇంకా వదలలేదు, డాబాలన్నీ పిల్లలతో కిక్కిరిసి ఉన్నాయి, ఉప్పల్ నుంచి లేచిన గాలి హబ్సిగూడ దాకా ఆగకుండా పోతోంది. అక్క సూది వేయించుకుంది గానీ, గాలి పోతుందని ఉప్మా గిన్నె వైపు చూడకుండా పైకి పరుగెత్తింది. అమ్మ కిరోసిన్ లైన్‌లో నిలబడడానికి వెళ్లింది. నన్ను మాంజా నీడ కూడా తొక్కనివ్వని అక్క, కాసేపటికి దారం చుట్టిన చరఖా నా చేతిలో పెట్టి నవ్వింది.

"తీస్కో, నువ్వే ఎగరెయ్. నువ్వు మస్తు మంచోనివి రా."

షుగర్ దిగుతోందని నాకు అర్థమైంది. అమ్మ మాట కూడా గుర్తొచ్చింది. కానీ ఆకాశంలో ఎర్ర పతంగి, నా వేళ్ల మధ్య మాంజా. ఇంకొక్క పేంచీ, ఇంకొక్కటి అనుకుంటూ పక్క డాబాల పతంగులు రెండు కోసి, మెచ్చుకుంటుందని వెనక్కి తిరిగాను. అక్క పిట్టగోడకు ఆనుకొని కూర్చుంది. చలిలో జాకెట్టంతా చెమట. ఏదో గొణుగుతోంది.

మెట్లు దిగానో దొర్లానో తెలియదు. చక్కెర డబ్బాతో తిరిగి ఎక్కుతుంటే పక్క పోర్షన్ కాకినాడ అత్తయ్యగారు అడ్డం పడ్డారు. అక్క ముందు తియ్యటిది తినకూడదని సంక్రాంతి అరిసెలు కూడా తలుపేసుకొని తిన్న మహాతల్లి ఆవిడ.

"షుగరున్న పిల్లకి పంచదారేంట్రా, చంపేస్తావా?" అని డబ్బా లాక్కుని నెత్తి మీదకెత్తారు.

"తక్కువైంది అత్తయ్యా, గిప్పుడు చక్కెరే పెట్టాలె."

"నాకు చెప్పకు."

ఆవిడ చేయి ఆ రోజు చార్మినార్ కన్నా ఎత్తుగా ఉంది. ఎగిరి మోచేతికి వేలాడాను. డబ్బా ఒరిగి నాచారంలోని చీమలన్నింటికీ ఏడాది గ్రాసం మెట్ల మీద పారింది. నాకొక గుప్పెడు దక్కింది.

"అక్కా, మింగుతవా?" అంటే తలూపింది. కొంచెం కొంచెంగా పెట్టాను. పది నిమిషాలో పదేళ్లో గడిచాక కళ్లు నా మీద నిలిచాయి.

"నా మాంజా ఎవడు ముట్టమన్నడు రా నిన్ను?"

అంత మంచి తిట్టు నా జన్మలో వినలేదు. అత్తయ్యగారు పెరుగన్నం కలుపుకొచ్చి, అక్క ఆఖరి ముద్ద మింగేదాకా ఎదురుగా కూర్చున్నారు.

ఇప్పుడా డాబా లేదు, దాని చోట ఐదంతస్తులు లేచాయి. అత్తయ్యగారూ లేరు. అక్క చేతికి రూపాయి బిళ్లంత యంత్రం అంటించారు. షుగర్ దిగితే మేడిపల్లిలో ఆమె ఫోనూ, ఆఫీసులో కొడుకు ఫోనూ ఒకేసారి మోగుతాయి. పోయిన ఆదివారం వాళ్లింట్లో భోజనాలకు ముందు అట్లాగే మోగింది. అందరూ ఫోన్ చూశారు. నేను మాత్రం కుర్చీలోంచి దిగ్గున లేచి, చక్కెర డబ్బా కోసమన్నట్టు తలుపు దాకా వెళ్లిపోయాను. అక్క అప్పటికే జ్యూస్ తాగేసి మూతి తుడుచుకుంటోంది.

"ఏం కాలే, కూసో" అంది.

కూర్చున్నాను.