అక్క పేరు, తమ్ముడి ఖాతా

ఆ వీధిలో ఆమె అసలు పేరు అడిగితే ఉత్తరాలు పంచేవాడు కూడా కాసేపు తడుముకుంటాడు. అందరికీ ఆమె మిషనక్కే. ఎంత మొండికేసిన కుట్టుమిషన్‌నైనా ముందు బల్ల మీద పెట్టించి, చక్రాన్ని రెండుసార్లు తిప్పి, చెవి ఒగ్గి వింటుంది. ఆ తర్వాతే జబ్బేమిటో చెబుతుంది. రెండు మెట్లెక్కితే దుకాణం. గోడ పొడవునా మేకులకు బెల్టులు, సీసాల్లో సూదులు, డబ్బాల్లో బాబిన్లు. లోపలికి అడుగుపెట్టినవాళ్ల చీరలకు బయటికొచ్చేసరికి మిషన్ నూనె వాసన అంటుకునేది. దానికి మాత్రం ఆమె డబ్బు తీసుకునేది కాదు.

పాత మిషన్ల విడిభాగాలు ఎక్కడా దొరకని కాలంలో, ఎక్కడెక్కడివో పట్టుకొచ్చి, సానపట్టి, సరిపోయేలా చేసి ఇచ్చేది. ఆ సంగతి నాలుగు వీధులు దాటి బయటి ఊళ్లకు పాకింది తమ్ముడి వల్లే. అతనికి ఫోటో స్టూడియో ఉంది, కంప్యూటర్ తెలుసు. పదకొండేళ్ల కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చి, "అక్కా, నీకు తెలిసిందంతా నీ బుర్రలోనే ఉంటే ఎవరికి ఉపయోగం? నువ్వు చెప్పు, నేను టైప్ చేస్తా" అన్నాడు. అలా పుట్టింది మిషనక్క డాట్ కామ్. దడదడమని చప్పుడొస్తే షటిల్ కింద దారం ముక్క ఇరుక్కుందేమో చూడండి, కుట్టు వదులైతే సూదిని తిట్టే ముందు దారం సరిగ్గా ఎక్కించారో లేదో చూసుకోండి అంటూ ఆమె చెప్పుకుంటూ పోతే, అతను రాసుకుంటూ పోయాడు. ఏడాది తిరక్కుండానే దుకాణం సగం ఆ సైట్ మీదే బతకడం మొదలుపెట్టింది.

ఆ ఇంట్లో ఒక అలవాటు ఉంది. కాగితమైనా, కంప్యూటరైనా తమ్ముడి పని. సైట్ గురించి ఎవరు ఫోన్ చేసినా మిషనక్క పూర్తిగా వినేది కూడా కాదు. "మా తమ్ముణ్ణి అడగండి, వాడి మాటే నా మాట" అనేసి స్క్రూడ్రైవర్ అందుకునేది. ఆ మాట అనడంలో ఆమెకు కొంచెం గర్వం కూడా ఉండేది.

ఒక మంగళవారం పొద్దున పక్క ఊరి దర్జీ ఒకావిడ ఫోన్ చేసింది. గొంతులో కోపం కంటే బాధే ఎక్కువగా ఉంది.

"నువ్వు పంపిన షటిల్ పట్టలేదక్కా. రేకులా వంగిపోతోంది. ఇన్నేళ్లు నీ పేరు చెప్పి నలుగురితో కొనిపించాను, నాకే ఇలాంటిది అంటగడతావా?"

ఆ నెలలో మిషనక్క ఆమెకేమీ పంపలేదు. ఫోన్ పెట్టేసి సైట్ తెరిచింది. పైన తన పేరు. కింద తను చెప్పిన మాటలే, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. ఇంకా కిందికి వెళితే ఎవరివో కొత్త విడిభాగాలు, ఎవరిదో ఫోన్ నంబరు.

ముందుగా తమ్ముడికే ఫోన్ చేసింది. ఇంకెవరికి చేస్తుంది?

"సర్వర్‌లో ఏదో తేడా అక్కా, నేను చూస్తాలే" అన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు.

మూడో రోజు ఆమె సైట్ మీదున్న కొత్త నంబరుకే చేసింది. ఎత్తినాయన విడిభాగాల కంపెనీ మేనేజరు. మర్యాదస్తుడు.

"ఆ సైట్, దాని పేరు మేం కొన్నామండి. గుడ్డిగా కొనలేదు. అది ఎవరి పేరు మీద రిజిస్టరై ఉందో చూశాం, మీ తమ్ముడిగారి పేరు, ఆయన ఈమెయిలే ఉన్నాయి. డబ్బు ఆయన చేతికి ఇవ్వలేదు, మధ్యవర్తి సంస్థ దగ్గర ఉంచాం. పేరు మా ఖాతాలోకి వచ్చాకే వాళ్లు ఆయనకిచ్చారు."

"అది నా పేరయ్యా. మా వీధిలో నన్ను పిలిచే పేరు."

"అందుకేనమ్మా, అనుమానం వచ్చి మీకు కూడా ఫోన్ చేశాను. సైట్ అమ్మడం మీకు ఇష్టమేనా అని అడిగాను."

"నేనేమన్నాను?"

"మా తమ్ముడి మాటే నా మాట అన్నారు. తేదీతో సహా రాసిపెట్టుకున్నాను."

ఆ ఫోన్ గుర్తొచ్చింది. రెండు చేతులకూ నూనె, భుజానికీ చెవికీ మధ్య ఫోన్, సైట్ అనే ఒక్క మాట చెవినపడగానే నోటికొచ్చిన పాత పాట. కొన్నవాడు జాగ్రత్తపడ్డాడు. అమ్మినవాడు జాగ్రత్తపడ్డాడు. జాగ్రత్త లేనిది ఆమె ఒక్కతే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు; ఈమె పట్టడం మాట అటుంచి, దొంగ చేతికి తాళంచెవి తనే అందించింది.

దుకాణం మూసి స్టూడియోకు నడిచింది. తమ్ముడు ఎవరిదో పాస్‌పోర్టు ఫోటో కత్తిరిస్తున్నాడు. ఆమెను చూసి కత్తెర పక్కన పెట్టాడు.

"నా పేరు మీదే కదా అక్కా ఉంది. ప్రతి ఏడూ గడువు దాటకుండా రెన్యూ చేసింది నేనే."

"నీ పేరు మీద ఎందుకు పెట్టావురా?"

"అప్పట్లో నీకు ఈమెయిల్ ఎక్కడుంది?"

"తర్వాత వచ్చింది కదా. మార్చలేకపోయావా?"

అతను కత్తెర వైపు చూశాడు. "మంచి బేరం వచ్చింది. వీలు చూసుకుని చెబుదామనే అనుకున్నా."

"నేను ఫోన్ చేసిన రోజున వీలు లేదా? సర్వర్‌లో తేడా అన్నావు."

తమ్ముడు మళ్లీ కత్తెర అందుకున్నాడు. పేరు అమ్మేయడం ఒక దెబ్బ. తను కంగారుగా ఫోన్ చేస్తే చల్లగా అబద్ధం చెప్పడం రెండో దెబ్బ, ఇదే లోతుగా దిగింది. ఆ మంగళవారం పొద్దున తన గొంతు ఎంత వణికిందో వాడు విన్నాడు. విని కూడా చూస్తాలే అన్నాడు. మిషనక్క ఇంకేమీ అడగలేదు. అడిగితే ఏడుస్తానని తెలుసు, వాడి ముందు ఏడవడం ఇష్టం లేక వచ్చేసింది.

పోయిన పేరు తిరిగి రాదని కంపెనీవాళ్లు తేల్చి చెప్పారు. వారం తర్వాత మిషనక్క, ఇంకో పేరుతో కొత్త సైట్ పెట్టడానికి, ఇంటర్నెట్ సెంటర్ నడిపే ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. తెలిసిన దర్జీలందరికీ ఒక్కొక్కరికి ఫోన్ చేసి, అది నేను కాదమ్మా అని చెప్పుకుంటూ వచ్చిన వారం అది. కొందరు నమ్మారు. కొందరు సరేలే అన్నారు.

"ఈసారి సైట్ మీ పేరునే ఉంటుంది, ఈమెయిల్ కూడా మీదే" అంది సెంటర్ ఆవిడ. "ఎవరూ వేరే ఖాతాకు మార్చుకోకుండా తాళం వేసి ఉంచుదాం. గడువు తేదీ గోడ మీద రాసుకోండి. పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ చెప్పకండి, నాక్కూడా. మీరు టైప్ చేసేటప్పుడు నేను అటు తిరుగుతాను."

తెర మీది ఫారంలో ఒక్కో గడీ నింపుతూ ఆఖరిదాకా వచ్చారు. ఖాతా తెరుచుకోకపోతే ఎవరిని సంప్రదించాలి, మీకు నమ్మకమైన ఒకరి ఫోన్ నంబరు ఇవ్వండి అని ఉందక్కడ. మిషనక్క వేళ్లు వాటంతటవే కదిలాయి. ఆరు అంకెలు పడ్డాక ఆగాయి. ఆమెకు కంఠతా వచ్చిన నంబరు అదొక్కటే. ఒక్కో అంకే చెరిపేసింది. సెంటర్ ఆవిడ ఇంకో నంబరు కోసం ఎదురుచూసింది. మిషనక్క తనకు తెలిసినవాళ్లందరినీ మనసులో వరసగా నిలబెట్టి చూసుకుంది, ఒక్కరి దగ్గరా ఆగలేకపోయింది.

"ఇది నింపకపోతే కుదరదా?"

"కుదురుతుంది. కానీ రేపు మీరు పాస్‌వర్డ్ మరిచిపోతే కష్టం."

"మరిచిపోనులే" అంది మిషనక్క. "ఈ నెలలో జరిగింది ఏదీ మరిచిపోయేలా లేను."