పళ్ళెం నాది, మేత ఆమెది

మా తోటికోడలు ఈగల్ని పెంచబోతోందని తెలిసిన రోజు నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. ఇక ఆమె నవ్వులపాలు కావడం ఖాయం అనుకున్నాను.

చిట్టమూరు వైపు ఉప్పునీటి గుంటల్లో మేం పండుగప్ప చేపపిల్లల్ని పెంచుతాం. అవి వేలెడంత అయ్యాక పెద్ద చెరువుల వాళ్ళు వచ్చి కొనుక్కుపోతారు. వాటి మేత పని మొదటినుంచీ నాదే. పక్కనున్న సరస్సు నుంచి వచ్చే చిల్లర చేపల్ని మా దొడ్లో ఎండబెట్టి, దంచి, ముద్దలు చేసేదాన్ని. ఆ ఇంట్లో నాదని చెప్పుకోగలిగింది ఆ దొడ్డి ఒక్కటే. మేత వేసేముందు గట్టు మీద కూర్చుని స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొట్టేదాన్ని. ఆ చప్పుడు వింటే చాలు, పిల్లలన్నీ ఒడ్డుకి వచ్చేసేవి.

ఈమధ్య సరస్సులో చిల్లర చేప తగ్గింది. దొరికినా ధర మండిపోతోంది. అప్పుడు మరిది భార్య, నిన్నగాక మొన్న కాపురానికి వచ్చిన పిల్ల, ఎక్కడో శిక్షణకి పోయి వచ్చింది. కూరగాయల చెత్తలో నల్ల ఈగ పురుగుల్ని పెంచి, ఎండబెట్టి పొడి చేస్తే చేపపొడికి బదులు సరిపోతుందట. మా ఆయన ఆమె చెప్పిందంతా నోరు తెరుచుకుని విన్నాడు. నా మాట ఒక్కటీ ఇన్నేళ్ళలో అలా వినలేదు.

"ఇది పనికొస్తే ఆ దొడ్లో పురుగుల షెడ్డు వేసేస్తాం. నీకూ ఎండలో చాకిరీ తప్పతాది" అన్నాడు నాతో.

తప్పించమని నేనేమైనా అడిగానా? కొత్త ఒక వింత, పాత ఒక రోత.

తీరా చూస్తే పిల్లలు ఆ మేత ముట్టలేదు. ఆమె వేసింది వేసినట్టే అడుక్కి పోయింది. ఆ పూట నేను కూనిరాగాలు తీస్తూ పులుసు పెట్టాను. మర్నాడూ అంతే. చివరికి ఏడ్చి ఎర్రబడ్డ కళ్ళతో నా దగ్గరికే వచ్చింది.

"అక్కా, నేనేస్తే అవి దగ్గరికే రాలేదు. ఆకలికి ఒకదాన్నొకటి కొరుక్కుంటా ఉండాయి. నువ్వొచ్చి ఒకసారి పళ్ళెం కొట్టక్కా."

కాదనొచ్చు. కానీ గట్టు మీద మా ఆయన, మరిది నిలబడి ఉన్నారు. ఎవరు పిలిస్తే వస్తాయో వాళ్ళు చూడాలి కదా. కొంగు దోపుకుని పోయి కూర్చున్నాను. పళ్ళెం మీద కొట్టాను. నీళ్ళు కదిలాయి, పిల్లలన్నీ నా కాళ్ళ దగ్గర మూగాయి. చూశారా అన్నట్టు నేను మగవాళ్ళ వైపు తిరిగానో లేదో, పక్కనుంచి ఆమె గుప్పెడు మేత విసిరింది. వచ్చిన ఊపులో తినేశాయి. ఇంకో గుప్పెడు వేసింది. అదీ తినేశాయి. కొరివితో తల గోక్కోవడం అంటే అదే.

ఇప్పుడు నా దొడ్లో చేపల వాసన లేదు. షెడ్డు లేచింది. పిల్లల్ని కొనడానికి వచ్చినవాళ్ళంతా ఆమె చుట్టూ చేరి ఆ పొడి గురించే అడుగుతారు. ఆమె ఏం చెబుతుందో తెలుసా?

"మేత నాదే గానీ అన్నా, మా అక్క పళ్ళెం కొట్టకపోతే ఇవి నోరే తెరవవు."

అందరిముందూ, మనస్ఫూర్తిగా చెబుతుంది. కాస్త చెడ్డదైనా అయ్యుంటే నా కడుపుమంటకి ఓ దారి ఉండేది.

మొన్న మేత వేసి దొడ్లోకి వచ్చాక అడిగింది. "రోజూ ఇంట్లోకి మోసుకుపోయేది ఎందుకక్కా? పళ్ళెం ఈ షెడ్డులోనే పెట్టు."

"అందులో నేను అన్నం తింటాను" అన్నాను.

అప్పటికి అది అబద్ధం. ఆ పూట నుంచి అందులోనే తింటున్నాను.