మద్రాసు చూసొచ్చిన మేనమామ కండువా

స్వప్న మా అక్క కూతురు. ఏడో తరగతి నుంచి ఇంజనీరింగ్ అయ్యేదాకా నాచారంలో మా ఇంట్లోనే ఉండి చదువుకుంది. పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో నేను టర్నర్‌ని. పొద్దున షిఫ్టుకు వెళ్తూ సైకిల్ వెనక ఎక్కించుకుని బడి దగ్గర దించేవాణ్ని. ఒకరోజు ఎవరిదో పెళ్లి చూసి వచ్చి నా దగ్గర మాట తీసుకుంది.

"మామా, నా పెండ్లి యాడ జరిగినా సరే, నువ్వు చెయ్యి పట్టుకొని తీస్కపోతేనే నేను పీటల మీద కూసుంట."

మా వైపు పెళ్లికూతుర్ని మండపంలోకి తీసుకెళ్లేది మేనమామే. ఆ పిల్లకు ఉన్న మేనమామను నేనొక్కణ్నే. కాబట్టి సరేనన్నాను. అది అమెరికాలో ఉద్యోగంలో చేరుతుందనీ, అక్కడే పనిచేసే మన పిల్లవాణ్ని ఇష్టపడుతుందనీ, కాగితాలు ఏవో సగంలో ఉండి దేశం దాటితే మళ్లీ వెళ్లడం కష్టం కనుక పెళ్లి అక్కడి గుడిలోనే పెట్టుకుంటుందనీ అప్పుడు నాకేం తెలుసు? అక్కకూ బావకూ ముందటేడే వీసాలు వచ్చి ఉన్నాయి గనుక వాళ్లు రెండు నెలల ముందే వెళ్లిపోయారు. ఇక మిగిలింది మేం నలుగురం: నేను, నా భార్య పద్మ, డిగ్రీ చదివే మా అమ్మాయి అనూష, మా అమ్మ.

హైదరాబాదులో అమెరికా వీసా ఆఫీసు ఇంకా తెరవలేదు. మద్రాసు వెళ్లాల్సిందే. మాలాగా వెళ్లేవాళ్లకు పనికొస్తుందని ఈ ప్రయాణం గురించి వివరంగా రాస్తున్నాను. మాకు కలిగిన జ్ఞానం సగం వెళ్లొచ్చాకే కలిగింది.

మొదటి పని ఫొటోలు. ఉప్పల్ చౌరస్తా దగ్గర స్టూడియోలో దిగాము. రెండు చెవులూ కనపడాలట, నవ్వకూడదట. మా అమ్మ తల మీద కొంగు తియ్యనంటే తియ్యనంది. ఫొటోగ్రాఫరు బతిమాలి బతిమాలి కొంగు చెవుల వెనక్కి జరిపించేసరికి అరగంట పట్టింది. పక్క బట్టల దుకాణంలోనే నేను కండువా కొన్నాను. మీగడ రంగు, బెత్తెడు ఎర్ర అంచు. "పెండ్లికొడుకుకా అన్నా?" అని అడిగాడు దుకాణదారు. "మేనమామకు," అన్నాను. అప్పుడు నా ఛాతీ ఎంత వెడల్పయిందో పద్మ ఇప్పటికీ చేతులు చాపి చూపించి నవ్వుతుంది.

రెండో పని శిక్షణ. అనూష ఎక్కడెక్కడో కనుక్కుని ప్రశ్నలన్నీ రాసుకొచ్చి మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి అడిగేది. అమ్మ మాత్రం ఒక్క రోజూ కూర్చోలేదు. అది మామిడికాయల కాలం. సరిగ్గా ప్రయాణం రోజు పొద్దున ఆమె ఏడాదికి సరిపడా మామిడికాయ తొక్కు పెట్టింది, నాలుగు జాడీలు. తొక్కు పెట్టిన మూడో రోజు కలపాలి. మా ఇంట్లో ఆ జాడీలు ఆమె తప్ప ఇంకొకరు ముట్టుకోకూడదు. పద్మ ఈ ఇంటికి వచ్చి ఇరవై ఏళ్లయినా ఆ గరిటె ఆమె చేతికి రాలేదు.

"ఎల్లుండి పొద్దటికి నన్ను ఇంట్ల దింపాలె. లేకుంటే నేను రాను," అని షరతు పెట్టింది అమ్మ.

సాయంత్రం ఐదుకు ఇంటికి తాళం వేశాము. సికింద్రాబాదులో రైలు ఏడుకు. స్లీపర్ టికెట్లు నెల ముందే తీసుకున్నాము. ఆ ఒక్క తెలివైన పని చేసినందుకు నన్ను నేను మెచ్చుకుంటాను. జొన్నరొట్టెలు, పల్లీల పొడి కట్టుకున్నాము. ఎదురు సీట్లో ఉన్న పెద్దమనిషి మా పసుపు రంగు ఫైలు చూడగానే, "వీసాకా?" అన్నాడు. అవునన్నాను. "నిజమే చెప్పండి. భయపడకండి," అని ముసుగు తన్ని పడుకున్నాడు. ఆ సలహా తూచా తప్పకుండా పాటించాను. దాని ఫలితం ముందు ముందు తెలుస్తుంది.

పొద్దున ఎనిమిదిన్నరకు మద్రాసు. స్టేషన్ ఎదురుగా నాలుగడుగులు వేస్తే లాడ్జీలు ఉన్నాయి. స్నానాలకని చెప్పి పూటకే గది తీసుకున్నాము. కింద హోటల్లో ఇడ్లీ, పొంగలి. "ఇది పత్యమా, టిఫినా? జర కారం లేదేందిరా!" అని అమ్మ గట్టిగానే అంది. సర్వరుకు తెలుగు వచ్చు. నవ్వుకుంటూ కారప్పొడి తెచ్చి పెట్టాడు. వీసా ఆఫీసుకు ఆటో వాడు నలుగురినీ ఒకే ఆటోలో ఎక్కించుకున్నాడు.

వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి రెండు. ఫోను, సంచి లోపలికి పోనివ్వరు. ఎదురుగా ఉన్న చిన్న కొట్లో దాచిపెట్టి చీటీ ఇస్తారు. ఇక రెండోది: లోపల పాస్‌పోర్టు తిరిగి మీ చేతికి ఇచ్చారంటే వీసా రానట్టు. వాళ్ల దగ్గరే ఉంచుకున్నారంటే వచ్చినట్టు, తరవాత కొరియర్లో పంపుతారు. ఇది మాకెవరూ చెప్పలేదు.

పదకొండున్నరకు మా పిలుపు వచ్చింది. పెద్ద వయసని అమ్మను పక్క కిటికీకి పంపారు. మేం ముగ్గురం ఒక కిటికీ దగ్గర నిలబడ్డాము. అద్దం అవతల ఒక కుర్ర దొర, పక్కన తెలుగు చెప్పే ఆమె. కండువా నా భుజం మీదే ఉంది.

ఎందుకు వెళ్తున్నారంటే చెప్పాను. మేనమామనని కూడా చెప్పాను. దొర తల ఊపాడు. ఎన్ని రోజులంటే అనూష నేర్పినట్టే పదిహేను అన్నాను. ఆ తరవాత, మీరు వెళ్తే ఇక్కడ ఇంట్లో ఎవరు ఉంటారని అడిగాడు.

ఈ ప్రశ్న అనూష కాగితంలో లేదు. అయినా నాకు చాలా సులభమైన ప్రశ్న అనిపించింది.

"ఎవరుంటరు సారూ? ఎవ్వరుండరు! ఇంటికి తాళమేసి పోతం. పొయ్యి గూడ ముట్టియ్యం. మాకు గా పెండ్లి కంటె ఎక్కువ ఈడ ఏముంది?"

పద్మ వెంటనే అందుకుంది. "కుక్కపిల్లను గూడ పక్కింటోళ్లకు ఇచ్చేసినం సార్."

మా దిక్కు దగ్గరివాళ్లను పెళ్లికి పిలిచేటప్పుడు 'పొయ్యి ముట్టియ్యకుండ్రి, తాళమేసి రాండ్రి' అనే పిలుస్తారు. ఇంట్లో ఒక మనిషిని వదిలి వచ్చారంటే పిలిచినవాళ్లు మొహం మాడ్చుకుంటారు. మేము మా ప్రేమ ఎంతో చెప్పుకున్నాము. దొర ముగ్గురి పాస్‌పోర్టులూ ఒక కాగితంతో సహా కిటికీ కింద నుంచి ఇటు తోశాడు. తెలుగామె మెల్లగా చెప్పింది. "తిరిగి వస్తారన్న నమ్మకం వాళ్లకు కలగలేదండి."

ఫ్యాక్టరీలో నా సర్వీసు, సెలవు కాగితం, ఇంటి పత్రాలు అన్నీ ఆ పసుపు ఫైల్లో ఉన్నాయి. తెరవమననే లేదు. నేనూ తెరవలేదు.

బయటికి వచ్చి గోడ నీడన నిలబడ్డాము. నాకు కళ్లల్లో నీళ్లు వచ్చాయి. సిగ్గుపడి కండువాతో తుడుచుకోబోయి, కొత్తదని ఆగిపోయి, చొక్కా చేతితో తుడుచుకున్నాను. అంతలో అమ్మ గేటు దాటి వచ్చింది. గుండెలు బాదుకుంటోంది.

"కొడుకా! మీ పుస్తకాలు మీకు ఇచ్చిన్రు. నా పుస్తకం గుంజుకున్నరురా! నేనేం తప్పు జేసిన?"

మేము కంగారు పడ్డాము. గేటు దగ్గర కాపలా అతను తమిళంలో ఏదో అన్నాడు. పక్కన నిలబడ్డ ఒంగోలు కుర్రవాడు నవ్వుతూ మాకు తెలుగులో చెప్పాడు. "మామ్మగారికి వచ్చేసిందండీ! పాస్‌పోర్టు ఉంచుకున్నారంటే వీసా ఇచ్చినట్టే."

నలుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాము. "లోపల ఏమడిగిన్రు నానమ్మా?" అంది అనూష.

"ఏమడుగుతరు? మనుమరాలు ఆడనే ఉండుమంటె ఉంటవా అన్నరు. ఎట్లుంటనయ్యా, నాలుగు జాడీల తొక్కు పెట్టొచ్చిన, నేను లేకుంటె బూజు పడ్తది, పది దినాల మీద ఒక్క దినం గూడ ఉండను అన్న. తొక్కంటె ఏందని అడిగిండు. చెప్పిన. ఉప్పెంత, కారమెంత అన్నీ చెప్పిన. మస్తు నవ్విండు. పుస్తకం ఇయ్యమంటె ఇయ్యలే."

పద్మ నడిరోడ్డు మీద కూలబడి నవ్వింది. నాకూ నవ్వు ఆగలేదు. ఇల్లూ ఉద్యోగమూ చెయ్యలేని పని మామిడికాయ చేసింది.

కానీ అమ్మ నవ్వలేదు. లాడ్జీకి వచ్చి, సామాను సర్దుకుని, సాయంత్రం ఆరు గంటల రైలు ఎక్కేదాకా ఒకటే మాట. "నేను పోను. మీరు లేంది నేనొక్కదాన్ని పోయి ఏం జెయ్యాలె?"

ఎదురు సీట్లో కాప్రాలో ఉండే ఒకావిడ కూర్చుంది. తెనాలి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబమట, భర్త ప్రభుత్వ సంస్థలో ఇంజనీరు. విషయం తెలిసి పులిహోర పొట్లం మా చేతుల్లో పెట్టింది. "మా మనవరాలి బారసాలకి మాకు రెండుసార్లు ఇవ్వలేదండీ. మీకు చేతికొచ్చింది, వదులుకుంటారా? పెళ్లికూతుర్ని తీసుకొచ్చేందుకు తల్లి పుట్టింటి తరఫున ఒక్కరన్నా ఉండద్దూ?"

అమ్మ ఆవిడకే చెప్పింది, మాకు కాదు. "బొట్టు లేనిదాన్ని తల్లీ. పీటల మీదికి పోయే పిల్ల చెయ్యి నేనెట్ల పట్టుకుంట? ఎవ్వలన్న ఏమన్న అంటె, పిల్ల మనసు కష్టపడ్తది."

అసలు సంగతి అదన్నమాట. నాన్న పోయి పదేళ్లయింది. పదేళ్లుగా ఏ పెళ్లిలోనైనా అమ్మ వెనక వరసలోనే కూర్చుంటోంది. నేను ఒక్కసారైనా ముందుకు రమ్మని పిలవలేదని అప్పుడు గుర్తొచ్చింది.

పొద్దున జనగామ దాటుతుండగా స్వప్న ఫోను చేసింది. సంగతి చెబితే ముందు ఏడ్చింది. "మామా, మరి నన్నెవరు తీస్కపోతరు?" అంది. ఫోను అమ్మకిచ్చాను. అటువైపు అది ఏం చెప్పిందో మాకు వినిపించలేదు. అమ్మ మాత్రం, "ఏడ్వకు... ఊకో... ఊకో బిడ్డా... సరే తియ్యి, సూద్దాం," అని ఫోను నా చేతిలో పెట్టింది.

చర్లపల్లి దగ్గర రైలు సిగ్నల్ కోసం నిలబడింది. ఎప్పుడొచ్చినా అక్కడ నిలబడుతుంది. ఇల్లు కూతవేటు దూరంలో ఉంటుంది, దిగడానికి ఉండదు. కాప్రా ఆవిడ సామాను సీటు మీదికి చేర్చుకుంటోంది. అమ్మ ఉన్నట్టుండి నా వైపు చెయ్యి చాపింది.

"ఆ కండువ ఇటు తే."

సంచిలోంచి తీసి ఇచ్చాను. మడత విప్పి అంచు చూసింది. తన చీర కొంగు నడుముకు దోపుకుని, కండువాను సరిగ్గా నేను వేసుకున్నట్టే ఎడమ భుజం మీద వేసుకుంది.

"అమ్మమ్మ లెక్క పోతలేను. మేనమామ లెక్క పోతున్న. మేనమామకు బొట్టున్నదా లేదా అని ఎవ్వలడుగుతరు?"

కాప్రా ఆవిడ చప్పట్లు కొట్టింది. పక్క బెర్తుల వాళ్లు ఏమైందని తొంగి చూశారు. అనూష వాళ్లందరికీ మొదటి నుంచి కథ చెప్పడం మొదలుపెట్టింది. సిగ్నల్ పడింది. నేను మొహం కిటికీ వైపు తిప్పుకుని ఈసారి బాగానే ఏడ్చాను. అది దుఃఖం కాదు.

ఎనిమిదింటికి సికింద్రాబాదు. ఉప్పల్ బస్సెక్కి హబ్సిగూడలో దిగి, అక్కడి నుంచి నాచారానికి ఆటో. ఇంటిదాకా కండువా ఆమె భుజం మీదే ఉంది. మా గల్లీలో అందరూ నన్నే అడిగారు, వీసా వచ్చిందా అని. "మేనమామకు వచ్చింది," అన్నాను, అమ్మను చూపించి.

తాళం తీయగానే అమ్మ కాళ్లు చేతులు కడుక్కుంది. చేతులు తడి లేకుండా రెండుసార్లు తుడుచుకుని వంటింట్లోకి వెళ్లింది. జాడీలకు కట్టిన గుడ్డలు విప్పిన చప్పుడు, ఆ వెంటనే ఇల్లంతా ఆవపిండి, కొత్త నూనె వాసన. మూడో రోజు దాటలేదు. నేను చెప్పులు విప్పుతుండగా లోపల్నుంచి పిలిచింది.

"చేతులు కడుక్కొని రారా. తడి లేకుండ తుడుసుకో."

వెళ్లాను. గరిటె నా చేతికిచ్చింది. గడప దగ్గర నిలబడ్డ పద్మ నోరు తెరుచుకుని చూస్తోంది.

"అడుగు నుంచి మీదికి కలుపు. మెల్లగ. నేను పోయిన పది దినాలు నువ్వే సూడాలె. నీ పని నేను జేస్తున్న, నా పని నువ్వు జెయ్యి."

కలిపాను. పక్కన నిలబడి, భుజం మీద నా కండువా సర్దుకుంటూ, ఇంకా అడుగుకు, ఇంకా అడుగుకు అని చెప్పింది.

మద్రాసు వెళ్లాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. రైలు బాగుంటుంది, పొంగలి చప్పగా ఉంటుంది, ఫైలు తెరవమనకపోయినా తెరిచి చూపించండి. నెలన్నరకు ఒక ఫొటో వచ్చింది. మండపం మెట్లు, స్వప్న చెయ్యి, ఆ చెయ్యి పట్టుకుని అందరికంటే ముందు నడుస్తున్న మా అమ్మ, ఆమె భుజం మీద ఎర్ర అంచు. ఆ ఫొటో వచ్చిన రోజు మా ఇంట్లో కొత్త తొక్కుతో అన్నం తిన్నాము. బూజు పట్టలేదు.