ఉప్పు వేసిన గొయ్యి

మా నూతి నీళ్లు ఉప్పెక్కాయని ముందు చెప్పింది నా వంగ మొక్కలే. ఆకుల అంచులు మాడిపోయాయి. నీళ్లు చాలక కాదు, పోసినందుకే.

అక్కుపల్లి దగ్గర, సముద్రానికి చేరువలో మా అత్తవారి కొబ్బరి తోట. చుట్టూ బోర్లు పడ్డాయి. మోటార్లు తోడేకొద్దీ సముద్రపు నీరు లోపలికి వస్తోందని పలాసలో రైతుల మీటింగులో చెప్పారు. వాన నీటిని నూతి పక్కనే భూమిలోకి ఇంకిస్తే ఉప్పు కాస్త తగ్గుతుందట. ఇంట్లో చెబితే ఎవరికీ పట్టలేదు. తాగేది కుళాయి నీళ్లు, నూతి నీళ్లు ఎవరూ నోట పెట్టుకోరు. కొబ్బరి చెట్టుకు కాస్త ఉప్పు నీళ్లైనా లెక్క లేదు. తోట మగవాళ్లది, వంగమడి నాది.

తోటలో వాన నీళ్లన్నీ చేరే పల్లం ఒకటే ఉంది, నూతి పక్కన. ఇద్దరు ఆడకూలీలతో కలిసి అక్కడ ఇంకుడు గుంత తవ్వాను. ఇసక నేల, తీసేకొద్దీ జారుతుంది. అడుగున రాళ్లు పరవకపోతే ఒక్క వానకే పూడిపోతుంది. మా ఉద్దానం ప్రాంతంలో ఇసకే గానీ రాయి దొరకదు. టెక్కలి క్వారీల దగ్గర పనికిరాని రాతి ముక్కలు ఉంటాయంటే ట్రాక్టరు మాట్లాడుకుని నేనే వెళ్లాను. అక్కడ బతిమాలడం, దారిలో టైరు పంక్చరు. సాయంత్రానికి రాళ్లతో వచ్చి చూద్దును కదా, గొయ్యి లేదు.

గొయ్యి ఉన్నచోట కొబ్బరి మొక్క ఉంది. చుట్టూ చక్కగా పాదు చేసి, ఎండ తగలకుండా మట్టలు గుచ్చి, మా మామగారు చేతులు కడుక్కుంటున్నారు.

"అదేటి మావా! అది నీళ్ల గొయ్యి కదా!"

"ఎంత బాగా తీయించినావమ్మా! ఊరికే ఉన్నాదని మొక్కెట్టీసినాను. అడుగున ఉప్పు కూడా ఏసినాను. నౌపడ ఉప్పే, బుట్టెడు."

కొబ్బరి నాటేటప్పుడు గోతిలో ఉప్పు వేయడం మా వైపు అలవాటే. కానీ ఉప్పు వదిలించుకోవడానికి నేను తీసిన గోతిలో బుట్టెడు ఉప్పా! ఒళ్లు మండిపోయింది. ట్రాక్టరు డ్రైవరేమో రాళ్లెక్కడ దించాలని హారను కొడుతున్నాడు.

పీకి పారేద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు. తుపానుకు తోటలో సగం చెట్లు కూలినప్పుడు ఆయన అన్నం మానేసి వాటి మధ్య తిరగడం చూసినదాన్ని. అప్పటి నుంచీ ఖాళీ జాగా కనబడితే మొక్క పెట్టకుండా ఉండలేరు. తిట్టడానికి వీల్లేని మనిషి మీద వచ్చిన కోపం ఎక్కడికి పోతుంది? వంటింట్లో గిన్నెల మీదికి పోయింది.

వారం తిరక్కుండా పెద్ద వాన. నేను అనుకున్నట్టే నీళ్లన్నీ ఆ పల్లంలోకి పరుగెత్తాయి. మొక్క మొదలు కుళ్లిపోతుందని మామగారు తడుస్తూనే పార పట్టుకుని వెళ్లారు. చుట్టూ గట్టు వేసి, పిల్లకాలువ తీసి, ఆ మంచినీళ్లన్నీ దారి మీదికి వదిలేశారు. అక్కణ్ణుంచి అవి సముద్రం వైపు పోతున్నాయి.

"మావా, నాకు కావలసినవి ఆ నీళ్లే!" అని గుమ్మంలోంచి అరిచాను.

"నీళ్లకేటమ్మా, నూతినిండా ఉన్నాయి," అన్నారాయన, తల ఎత్తకుండానే.

మొన్న పలాస మార్కెట్లో వంకాయలు కొన్నాను. ఈ ఇంటికి వచ్చాక వంకాయలు కొనడం అదే మొదలు. మామగారు ఒక ముద్ద తిని ఆగారు.

"ఇవి మన వంకాయలు కావేటి?"

"మన మడి పోయింది మావా. ఒక్క మొక్కా మిగల్లేదు."

ఆయన కంచం ముందు నుంచి లేచి నూతి దగ్గరికి వెళ్లారు. చేద వేసి తోడి, దోసిట పట్టి నోట్లో పోసుకున్నారు. ఉమ్మేశారు. నాకు జాలి వేయలేదు, ఇన్నాళ్లకా అనిపించింది.

మర్నాడు పొద్దున్న, ఆవేళ నేను దింపించిన రాళ్ల కుప్ప పక్కన నిలబడి, "ఇంకో గొయ్యి తీయించమ్మా. ఈసారి నాను ముట్టను," అన్నారు.

ఎక్కడ తీయించను? ఉన్నది ఆ ఒక్క పల్లమే. అందులో ఆయన మొక్క కొత్త ఆకు వేసింది.