చింతపండుతో తోమిన సాక్ష్యం

భిలాయిలో సర్కారు వ్యాపార తనిఖీ ఆఫీసులో నేను అటెండరుగా ఉన్నప్పటి మాట. మా ప్రోగ్రాం మేనేజర్ సుధ మేడమ్ మన తెలుగువాళ్ల పిల్లే. అక్కడి హథ్‌ఖోజ్ ఫ్యాక్టరీల పేటలో ఒక వ్యాపారి తుప్పుపట్టిన పాత బోల్టులను కాగితాల్లో కొత్తవని చూపించి అమ్ముతుంటే ఆవిడ పట్టుకుంది. సాక్ష్యానికి తెచ్చిన డబ్బాడు బోల్టులు బల్లమీద పెట్టి, "పిన్నీ, రేపు పెద్దాఫీసరు వచ్చి వీటిని చూస్తారు" అని నాతో చెప్పి వెళ్లింది.

పెద్దాయన చూసే సామాను అంత మురికిగా ఉంటే నామోషీ మాకే కదా! చింతపండు, ఇటుకపొడి పెట్టి ఒక్కొక్క బోల్టునీ వెండిగిన్నెలా తోమేశాను.

మర్నాడు పెద్దాఫీసరు ముందు డబ్బా మూత తియ్యగానే, విచారణకి వచ్చిన వ్యాపారి చప్పట్లు కొట్టాడు. "దేఖియే సాబ్, ఏక్‌దమ్ నయా మాల్!"

మేడమ్ ముఖం పాలిపోయింది. "పిన్నీ, ఏటి చేసావ్?"

నేను వ్యాపారి మీద పడ్డాను. "ఏటి కొత్త మాలు? నిన్నంతా తోమితే నా గోళ్లు అరిగిపోనాయి. ఆ తుప్పునీళ్లు ఇంకా బకెట్లోనే ఉన్నాయి, సూడు!"

మేడమ్ అది హిందీలో చెప్పగానే ఆఫీసరు వెళ్లి బకెట్‌లోకి తొంగి చూశారు. నవ్వాపుకుంటూ నా వాంగ్మూలం తీసుకోమన్నారు. గుమస్తా వేలిముద్రకని ఇంకుప్యాడ్ తెచ్చాడు.

"అది తీసియ్యి. యాభై దాటాక అచ్చరాలు నేర్సుకున్నాను" అని కలం లాక్కుని, సాక్ష్యాన్ని తోమింది నేనేనని తెలుగులో రాశాను. అరగంట పట్టింది.

నేను సొంతంగా రాసిన మొదటి కాగితం నా తప్పు మీదే. కేసు నిలబడింది కూడా దాంతోనే.