లేని ఫ్రిజ్‌లకు కట్టిన లెక్క

ఆ రోజుల్లో కంప్యూటరు మాట్లాడుతుందంటే వినడానికి జనం ఆగేవారు. ఇప్పుడు జేబులో ఫోను వద్దన్నా మాట్లాడుతోంది కాబట్టి ఎవరికీ వింత లేదు. నేను కొత్తగా పనిలో చేరిన కాలంలో మాత్రం, మెట్టుగూడ రోడ్డు మీది మా ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకి పార్సెల్ వేయడానికి వచ్చినవాళ్లు, పని అయిపోయాక కూడా కదలకుండా నా కుర్చీ వెనక నిలబడేవారు. పుట్టుకతోనే నాకు చూపు లేదు. లెక్కలు మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చాయి (నేర్పే ఓపిక ఎవరికీ లేకపోయింది, అందుకని నేనే నేర్చుకున్నాను అంటే ఇంకా నిజం). బరువు, దూరం చెబితే కిరాయి ఎంతో నోటితోనే తేల్చేసేవాణ్ని. అడిగిన చోటల్లా కాదనిపించుకున్న నన్ను ఆ ఒక్క గుణం చూసి మా ఓనరు పనిలో పెట్టుకున్నాడు. ఆయన్ని డ్రైవర్లు, హమాలీలు, ఎదురు హోటలువాళ్లు, అందరూ మామూ అనే పిలిచేవారు. నేనూ అంతే.

రేట్లు అడుగుతూ వచ్చే ఈమెయిళ్లు విని, లెక్క కట్టి, జవాబు కొట్టడం నా పని. తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేరును స్క్రీన్ రీడరు అంటారు. డబ్బు పెట్టి కొనేవి ఉండేవి గానీ, వాటి ధర వింటే మామూ సాఫ్ట్‌వేరుతో పాటు నన్ను కూడా వద్దనేవాడు. నేను వాడింది ఓపెన్ సోర్సుది. అంటే, ఎక్కడెక్కడివాళ్లో తీరిక వేళల్లో కలిసి తయారుచేసి, లోపల ఏముందో ఎవరైనా చూసుకోండి, చేతనైతే బాగుచేయండి, ఊరికే వాడుకోండి అని వదిలిపెట్టినది. మామూకి ఇది ఎంత చెప్పినా మింగుడుపడలేదు.

“ఫ్రీ అంటే ఏందిరా? రేపొచ్చి పైసలడగరు గదా?”

“అడగరు మామూ. ఏదన్న ఖరాబైతే మెయిల్ పెడితే బాగుచేసి సుత ఇస్తరు.”

నిజంగానే ఒకసారి అలా జరిగింది. మెయిలు ఒకటి తీసేయగానే స్క్రీన్ రీడరు నోరు మూసుకుని కూర్చునేది. దాన్ని వాడేవాళ్ల మెయిల్ గ్రూపుకి ఆ సంగతి రాస్తే, ఏ దేశంవాడో తెలియని ఒకాయన నాలుగు ప్రశ్నలడిగి, బాగుచేసి, ‘ఇప్పుడు సరిగా ఉందా, చూసి చెప్పండి’ అని రాశాడు. మామూ ఆ రోజంతా ఆలోచించి సాయంత్రం అన్నాడు: “మొఖం తెల్వదు, పైస తీస్కోడు, నీకోసం కూసొని పని చేస్తడు. ఆని ఇంట్లోళ్లకు తెల్సా ఈ సంగతి?”

తెర నాకు అక్కర్లేదు కాబట్టి మానిటరు ఆపేసి ఉంచేవాణ్ని. కరెంటు మిగులుతుందని మామూ సంబరపడ్డాడు. బిల్టీలు, అంటే సరుకుకి ఇచ్చే రసీదులు, రాసే ఒకాయన నా పక్క బల్ల దగ్గర ఉండేవాడు. బిల్టీ అన్న అనేవాళ్లం. ఆయన మొహం కడుక్కుని తన తువ్వాలు నా మానిటరు మీద ఆరేసేవాడు. చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఎవరు వచ్చారో, ఏ లారీ వెనక్కి వస్తోందో నాకు తెలియదు గనక స్పీకర్లే వాడేవాణ్ని. మొదట్లో అది మనిషి మాట్లాడే వేగంతోనే చదివేది. తర్వాత రోజుకి కాస్త చొప్పున పెంచుకుంటూ పోయాను. చెవి అలవాటైతే ఎంత వేగమైనా అందుతుంది. కొన్ని నెలలకు ఆ గొంతు నాకు తప్ప ఇంకెవరికీ మాటల్లా వినబడటం మానేసింది.

“ఏంది తమ్మీ, డబ్బాల తేనెటీగలు పెంచుతున్నవా?” అన్నాడు బిల్టీ అన్న.

అప్పుడు అర్థమైంది, నట్టనడి ఆఫీసులో నాకొక తలుపు వేసిన గది దొరికిందని. ఇక నా సొంత మెయిళ్లన్నీ అక్కడే, అందరి మధ్యే, వాల్యూము కూడా తగ్గించకుండా వినేవాణ్ని. ఇంతకంటే తెలివైనవాడు సికింద్రాబాదులో లేడని నా నమ్మకం.

ఆ గదిలోకి ఒక రోజు, మామూకి చెప్పకుండా నేను పరీక్ష రాసిన బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది. రాతపరీక్ష పాసయ్యావు, ఇంటర్వ్యూకి రమ్మని. సోమవారం పది గంటలకు, సికింద్రాబాదు స్టేషను దగ్గరి వాళ్ల ఆఫీసుకి. ఉద్యోగం వస్తే పర్మినెంటు. రాకపోతే, వెళ్లిన సంగతి తెలిసి మామూ మనసు విరిగితే, ఉన్నది కూడా పోతుంది. ఎవరూ ఇవ్వనప్పుడు కుర్చీ ఇచ్చిన మనిషి. పైగా సోమవారం మాకు పార్సెళ్లు కుప్పపడే రోజు, ఆ రోజు మామూ తన పెళ్లికైనా సెలవు పెట్టేవాడు కాదు. ఉత్తరం రెండోసారి వింటుంటే నా భుజం మీద మామూ చెయ్యి పడింది.

“ఏమంటుంది?”

“రేటు అడుగుతున్నరు మామూ. కాప్రాల ఎవరో… ఫ్రిజ్‌లు పంపాల్నంట.”

ఫ్రిజ్ అనే మాట నోటికి ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలియదు (ఎండాకాలం కావడం వల్లనేమో). “ఎన్ని?” అన్నాడు. రెండు అని ఉంటే అక్కడితో పోయేది. పన్నెండు అన్నాను. “ఏడికి?” వరంగల్ అన్నాను. ఇక నాలోని లెక్కలవాడు లేచి కూర్చున్నాడు. ఇది అబద్ధమని వాడికి ఎవరూ చెప్పలేదు. ఫ్రిజ్‌లను పడుకోబెట్టకూడదు, నిలబెట్టి తాళ్లతో కట్టాలి, నిలబెడితే పైన ఇంకో సరుకు వేయడానికి లేదు, అంటే లారీ మొత్తం వాళ్లదే, వచ్చేటప్పుడు ఖాళీగా వస్తే ఆ డీజిలు ఎవరిది? అన్నీ కలిపి కిరాయి చెప్పాను. పైసాతో సహా సరైన లెక్క. మామూ నా వీపు చరిచి వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి పొద్దున రాగానే ఆయన మొదటి మాట, “ఫ్రిజ్‌ల పార్టీ ఏమన్నది?” కిరాయి తగ్గించమంటున్నారని ఒక రోజు చెప్పాను, తగ్గేది లేదన్నానని ఇంకో రోజు చెప్పాను. నాతో నేనే మూడు రోజులు బేరమాడి, చివరికి నేనే కొంచెం దిగాను. మామూ ఒక లారీని వేరే సరుకుకి ఇవ్వకుండా ఆపి ఉంచాడని తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఇంతలో ఆఫీసుకి ఫోన్లు ఎత్తడానికి ఒకావిడని పెట్టుకున్నారు. లాలాగూడ రైల్వే క్వార్టర్సు అమ్మాయి, నా వయసే. ఆపరేటరమ్మ అనేవాళ్లం. మొదటి రోజు నేను వచ్చేసరికే నా ఎడమ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. నమస్తే అంటే నమస్తే అంది. నేను నా దారిన మెయిళ్లు తెరిచాను. బ్యాంకు నుంచే ఇంకోటి: సర్టిఫికెట్లు ఒరిజినల్సు తెచ్చుకోవాలి, ఆలస్యంగా వస్తే లోపలికి రానివ్వరు. వినడం అయ్యీ కాకుండానే మామూ వచ్చాడు.

“ఫ్రిజ్‌ల పార్టీయేనా?”

“ఆళ్లే మామూ. మంచిగ ప్యాకింగ్ చేయాల్నంట.”

మామూ అటు వెళ్లగానే ఎడమ పక్క నుంచి చిన్న గొంతు: “ప్యాకింగా? ఒరిజినల్సు తెమ్మంటుంది గదా సార్?”

నా చెవుల్లోంచి వేడి గాలి వచ్చింది. “మీకెట్ల అర్థమైంది?”

“అర్థం గాకపోవుడేంది? నాక్కూడా కనబడదు సార్, నేను సుత ఇంట్ల గదే వాడుత. కాకపోతే మీది జెర నిదానం.”

నిదానం! ఊళ్లో ఎవరికీ అందని వేగమని నేను మురిసిపోతున్న వేగం! ఆ సిగ్గులో అసలు భయం కాసేపు మరిచిపోయాను. బిల్టీ అన్నని పక్కకి పిలిచి, ఆమెకి చూపు లేదని నాకెందుకు చెప్పలేదని కోప్పడితే ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. “చెప్పేదేముంది తమ్మీ, చూస్తే తెలుస్తలేదా?” అన్నాడు. అన్నాక తన మాట తనకే వినబడినట్టుంది, ఎదురు హోటలు నుంచి నాకు చాయ్ తెప్పించాడు.

ఆపరేటరమ్మకి అంతా చెప్పేశాను. ఆమె విని, “మంచి నౌకరే, పోకుంటే ఎట్ల?” అంది. “మామూకు చెప్తవా?” అంటే, “నాకేం పని? ఫోన్లెత్తుడే నా పని” అంది. అన్నట్టే మధ్యాహ్నం మామూ వచ్చి ఆ పనే మీద పెట్టాడు.

“బేటీ, ఆ కాప్రా పార్టీకి ఫోన్ కలుపు. మెయిల్‌లు మెయిల్‌లు అనుకుంట ఎన్ని దినాలు ఆడిస్తరు?”

“నంబరేదీ?” అని బిల్టీ అన్న అనబోతుంటే, “సార్ చెప్పిన్రు, యాదికుంది” అంటూ ఆమె నంబర్లు నొక్కేసింది. ఏం నొక్కిందో భగవంతుడికి తెలియాలి. “హలో, నమస్తే సార్. ఆఁ, ఫ్రిజ్‌ల గురించే. మా మామూ మాట్లాడమన్నరు. పన్నెండే గదా సార్? ఏందీ, పదమూడా?”

నా గుండె ఆగింది. దొరికిపోతానని కాదు. పదమూడైతే ఆ లారీలో పట్టవు.

“సరే సార్, చెప్త సార్.” పెట్టేసింది. “మామూ, సోమవారం పొద్దుగాల లెక్కల సార్‌ని పంపుమంటున్నరు. ఎదురుంగ కూసొని మాట్లాడతరంట.”

ఆమె తెలివికి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. సెలవు అడగకుండానే సెలవు! సగం ఎత్తిన చేతులు మామూ మాటకి అక్కడే ఆగిపోయాయి.

“పంపుడేంది? అంత పెద్ద పార్టీ. నా బండి మీద నేనే తీస్కపోత.”

“గిది నేను అనుకోలే సార్,” అంది ఆపరేటరమ్మ మెల్లగా.

సోమవారం పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒరిజినల్సు సంచి గుండెకి హత్తుకుని మామూ స్కూటరెక్కాను. నా చొక్కా చూసి, పార్టీ మీద నాకున్న గౌరవానికి ఆయన మెచ్చుకున్నాడు. బ్యాంకు అటు, మేం వెళ్లేది ఇటు. లాలాగూడ దాటుతుంటే చెబుదామనుకున్నాను. ఆ తర్వాత ప్రతి మలుపుకీ అనుకున్నాను. కాప్రా చెరువు గాలి మొహానికి తగిలాక స్కూటరాపి మామూ ఎవరినో పిలిచాడు.

“భాయ్, ఈడ ఫ్రిజ్‌ల గోదాము ఏడుంది?”

“ఫ్రిజ్‌ల గోదామా? ఐసు అమ్మేటోళ్లున్నరు, కావాల్నా?”

ఇంకొకరిని అడిగాడు, ఇంకొకరిని అడిగాడు. ఇక నా వల్ల కాలేదు.

“మామూ, ఫ్రిజ్‌లు లేవు.”

“అమ్ముడుపోయినయా?”

“ఎన్నడూ లేవు మామూ.” సంచి ఆయన చేతికిచ్చి ఉన్నదంతా చెప్పాను. ఆయన సంచి విప్పి కాగితాలు తిరగేశాడు. స్కూటరు ఇంజను గుడగుడలాడుతోంది.

“మరి గా లారీ ఎత్తు, గా డీజిలు, గా తాళ్ల ఖర్చు?”

“లెక్క కట్టిన మామూ.”

“లేని ఫ్రిజ్‌లకా! గంత సక్కగనా!” సంచి తిరిగి నా చేతిలో పెట్టి, “పన్నెండు ఫ్రిజ్‌లురా. పరేషాన్ చేసినవ్ గదరా,” అన్నాడు. ఎవరో దగ్గరివాళ్లు పోయినట్టు ఉంది ఆ గొంతు. తర్వాత, “ఇంటర్వ్యూ ఎన్నింటికి?”

“పదింటికి.”

“గట్టిగ పట్టుకో.”

ఆ రోజు ఆయన స్కూటరు నడిపిన తీరు చూడకపోవడం నా అదృష్టం. విన్న హారన్లూ తిట్లూ చాలు. చేరేసరికి పది దాటింది. గేటు దగ్గర వాచ్‌మన్ టైమైపోయిందన్నాడు. మామూ నా ముందుకి వచ్చి నిలబడ్డాడు. “ఏం జేద్దం సాబ్, తొవ్వల ఫ్రిజ్‌ల లారీ అడ్డమొచ్చింది. ఒకటి గాదు రెండు గాదు, పన్నెండు ఫ్రిజ్‌లు, నిలవెట్టి కట్టిన్రు, పక్కకు తియ్యరాదు,” అని తాళ్లతో సహా వివరంగా చెప్పాడు. అంత వివరంగా చెప్పేదాన్ని ఎవరు మాత్రం అబద్ధమనుకుంటారు? లోపలికి పంపారు.

కొన్ని వారాలకు జవాబు మా ఆఫీసు కంప్యూటరుకే వచ్చింది. నేను మీట నొక్కేలోపే మామూ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.

“ఆగు. గిది నాకు వినబడాలె. జెర మెల్లగ పెట్టు.”

వేగం తగ్గించుకుంటూ, తగ్గించుకుంటూ, నేను మొదటి రోజు విన్న చోటికి తెచ్చాను. ఆపరేటరమ్మ ఫోను పక్కన పెట్టింది. బిల్టీ అన్న తువ్వాలు తీసి మానిటరు కూడా వేశాడు (ఎందుకో తెలియదు, గౌరవం కోసం అయి ఉంటుంది). గొంతు ఒక్కో మాటే పలికింది. మామూకి ఇంగ్లీషు తక్కువే. అయినా ‘కంగ్రాచ్యులేషన్స్’ అన్న మొదటి మాటకే ఊపిరి పీల్చిన చప్పుడైంది. జీతం అంకె దగ్గర “ఇంకోపారి” అన్నాడు. మళ్లీ వినిపించాను.

“ఇంతకు నేను తూగలేనురా. పో,” అన్నాడు. లేస్తూ లేస్తూ నా తల మీద చెయ్యి పెట్టి, “గిట్ల చెప్తే నాకు సుత సమజైతుంది గదరా. ఇన్ని దినాలు ఎందుకు ఉరికించినవ్?” అన్నాడు.

ఆ లెక్క ఎటు నుంచి వేసినా తెగలేదు.

ఇప్పుడు బ్యాంకులో స్పీకర్లు పెట్టనివ్వరు, ఇయర్‌ఫోనే. స్క్రీన్ రీడరు మాత్రం ఆ ఊరికే ఇచ్చేదే. వేగం బాగా తగ్గించాను. వయసు మీదపడి చెవి మందగించిందని మా అమ్మాయి అంటుంది. అదేం కాదు, ఎవరైనా వెనక నిలబడి వింటారేమోనని అంటాను నేను. ఇయర్‌ఫోను పెట్టుకున్నవాడి వెనక నిలబడి ఎవరు వింటారు నాన్నా అని అది నవ్వుతుంది. నిజమే. అయినా రోజూ పొద్దున మెయిళ్లు తెరిచే ముందు, వేగం ఇంకొక్క మెట్టు తగ్గించి, ఒక్క క్షణం ఆగుతాను.